కథ, పద్యం, అలంకారం: పిల్లలతో రివిజన్ చేయించే పద్ధతి

జనవరి వచ్చేసరికి తెలుగు సిలబస్ దాదాపు అయిపోతుంది. ఇక అక్కడి నుంచి బడిలో వినిపించేది ఒకటే మాట, రివిజన్. చాలా తరగతుల్లో అది ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. టీచరు పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్తారు, పిల్లలు తలలూపుతారు, నాలుగు ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కు పెట్టిస్తారు, బెల్లు కొడతారు. నేనూ మొదట్లో కొన్నేళ్ళు అలాగే చేశాను.

ఒక పరీక్షలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఉపమాలంకార లక్షణం అక్షరం పొల్లుపోకుండా రాసింది. దాని కిందే "అమ్మమ్మ తల ముగ్గుబుట్టలా తెల్లగా ఉంది" అని వాక్యం ఇచ్చి అలంకారం గుర్తించమంటే ఖాళీ వదిలేసింది. పేపర్ ఇస్తూ అడిగాను, "ఇందులో 'లా' ఉంది కదమ్మా, ఎందుకు రాయలేదు?" అని. "మీరు చెప్పిన ఉదాహరణలో చంద్రుడున్నాడు సార్, ఇందులో లేడు" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఏడాదంతా నేను చూపించింది ఆ ఒక్క చంద్రబింబాన్నే.

అప్పటి నుంచి రివిజన్‌లో రెండు విషయాలు గట్టిగా పట్టుకున్నాను. ఒకటి, ఆ పీరియడ్లలో ఎక్కువసేపు మాట్లాడాల్సింది పిల్లలు, నేను కాదు. రెండోది, ఏ సాహిత్య పదమైనా ముందు కథలోనో పద్యంలోనో పిల్లల కంటికి, చెవికి తగలాలి, ఆ తర్వాతే దాని పేరు బోర్డు మీదికి రావాలి. కింద చెప్పేదంతా ఆ రెండింటినీ ఆచరణలో పెట్టే తీరు. ఉదాహరణకు ఒక కథ, రెండు మూడు పద్యాలు తీసుకున్నాను. మీ పాఠ్యపుస్తకంలో వేరేవి ఉంటే వాటితోనూ ఇలాగే చేయించవచ్చు. ఇంట్లో ఒక్క పిల్లవాడికి తెలుగు నేర్పుకుంటున్న తల్లిదండ్రులకూ, అమెరికాలో ఉన్నా అనకాపల్లిలో ఉన్నా, ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఒక కథకు రెండు పీరియడ్లు, ఒక పద్యానికి ఒకటిన్నర, అలంకారాలకు రెండు, జవాబు రాయడానికి ఒకటి, చివర కొత్త పద్యానికి ఒకటి. లెక్క ఇంతకంటే తగ్గితే పని హడావిడి అవుతుంది. టైమ్ లేదనిపిస్తే పాఠాల సంఖ్య తగ్గించుకోండి, ఒక్కో పాఠానికి ఇచ్చే సమయాన్ని మాత్రం కోయకండి.

మొదటి అడుగు: పుస్తకం మూయించండి

రివిజన్ అంటే మళ్ళీ చదవడం అని పిల్లలు అనుకుంటారు. చదివింది మళ్ళీ చదువుతుంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. తెలిసిందో లేదో తేలేది పుస్తకం మూసినప్పుడే. కాబట్టి పీరియడ్ మొదట్లోనే పుస్తకాలు సంచుల్లో పెట్టించి, ఏడు నిమిషాలు టైమ్ ఇవ్వండి. కథలో ఏం గుర్తుంటే అది రాయమనండి. వరస తప్పినా ఫరవాలేదు, వాక్యాలు పూర్తి కాకపోయినా ఫరవాలేదు, మార్కులు లేవని ముందే చెప్పండి. మార్కులు లేవంటే టెన్షన్ ఉండదు, వెనక బెంచీ వాళ్ళు కూడా నాలుగు ముక్కలు రాస్తారు.

తర్వాత బోర్డును మూడు భాగాలు చేయండి. అందరికీ గుర్తున్నవి, కొందరికే గుర్తున్నవి, ఒకరికొకరు ఒప్పుకోనివి. పిల్లలు చెప్తుంటే మీరు రాయండి, ఎవరు రైటో అప్పుడే తేల్చకండి. అసలు పని జరిగేది ఆ మూడో భాగంలోనే.

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' కథతో ఇది చేయించినప్పుడు ప్రతి ఏడూ ఒక గొడవ వస్తుంది. సగం మంది "కమలిని పుట్టింటికి వెళ్ళిపోయింది" అని రాస్తారు. మిగతా సగం "లేదు, మంచం కింద దాక్కుంది" అంటారు. కథ తెలియని వారి కోసం రెండు మాటలు. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. మీటింగులని భార్యతో అబద్ధం చెప్పి సానుల పాటలకు వెళ్తున్నాడు. భార్య కనబడదు, ఒక ఉత్తరం ఉంటుంది, మీ దారికి అడ్డు ఉండకుండా కన్నవారింటికి వెళ్తున్నానని. అతను కంగారుపడి, నౌకరు రాముణ్ణి ఆమె దగ్గరికి పంపబోతూ, ఏమని చెప్పాలో నేర్పుతుంటాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కథ అయిపోతుంది.

పుట్టింటికి వెళ్ళిందని రాసిన పిల్లలను తప్పు అని కూర్చోబెట్టేయకండి. "మీకు అలా ఎందుకు గుర్తుంది?" అని అడగండి. "ఉత్తరంలో రాసింది కదా సార్." "ఆ ఉత్తరం ఎవరు చదివారు?" "గోపాలరావు." "అతను నమ్మాడా?" "నమ్మాడు." "మరి మనం?" కాసేపు నిశ్శబ్దం. ఎవరో ఒకరు అంటారు, "మనం కూడా నమ్మేశాం." అక్కడ ఆపండి. కథ చెప్పే మనిషికి మంచం కింద ఎవరున్నారో తెలుసు. తెలిసినా మనల్ని గోపాలరావు పక్కనే నిలబెట్టాడు, అతనికి కనబడిందే మనకూ చూపించాడు. అది పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తేల్చుకున్నాక, "దీన్ని దృష్టికోణం అంటారు" అని బోర్డు మీద రాయండి. ఆ మాట ఇక వాళ్ళు మరచిపోరు, ఎందుకంటే వాళ్ళు చేసిన పొరపాటుకే ఆ పేరు వచ్చింది.

రెండో అడుగు: కథను విప్పించడం

ఇప్పుడు పుస్తకం తెరిపించండి. కానీ మొదటి నుంచి చివరి దాకా చదివించవద్దు. మూడు చోట్లకు మాత్రమే తీసుకెళ్ళండి.

మొదటి చోటు, కథ మొదలు. 'దిద్దుబాటు' "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో మొదలవుతుంది. ఎవరు పిలుస్తున్నారు, ఎందుకు, ఎవరిని, ఏమీ చెప్పలేదు. గడియారం ఒంటిగంట కొడుతుంది. "ఈ నాలుగు వాక్యాల నుంచి మీకేం తెలిసింది?" అని అడిగి, ఒక్కొక్కటీ చెప్పించండి. రాత్రి అని, ఎవరో ఆలస్యంగా వచ్చారని, లోపలివాళ్ళు తీయడం లేదని. "అనగనగా ఒక ఊళ్ళో గోపాలరావు అనే అతను ఉండేవాడు" అని మొదలుపెడితే ఏం పోయేదో ఆలోచించమనండి. పోలిక దొరికాక ఎత్తుగడ అన్న పేరు చెప్పండి. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిన కథ ఇలా తలుపు చప్పుడుతో మొదలవడం అప్పటి పాఠకులకు ఎంత కొత్తగా ఉండి ఉంటుందో, ఊహించడానికి పిల్లలకు ఒక నిమిషం ఇవ్వండి.

రెండో చోటు, మాటలు. ఈ కథలో ఎవరు ఎలా మాట్లాడతారో జాబితా వేయించండి. కమలిని ఉత్తరం గ్రాంథికంలో నడుస్తుంది. రాముడిది ఉత్తరాంధ్ర పల్లెమాట. గోపాలరావుది చదువుకున్నవాడి మాట. కమలిని గొంతు విప్పి మాట్లాడిన మాట ఒక్కటీ లేదు, వెతికి చూడమనండి. పిల్లలు పేజీలు తిప్పి తిప్పి "నిజమే సార్, ఉత్తరం, నవ్వు, అంతే" అంటారు. కథలో అందరికంటే బలమైన మనిషి నోరు తెరవకుండానే కథంతా నడిపించింది. ఇది దొరికితే పాత్ర చిత్రణ అనే ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. గైడుల్లో రాసే "కమలిని ఉత్తమురాలు, వివేకవంతురాలు, సహనశీలి" అన్న విశేషణాల వరస కంటే, ఆమె నోరు విప్పకుండా ఏం చేసిందో చెప్పే ఒక్క వాక్యం ఎక్కువ విలువైనది.

మూడో చోటు, ముగింపు. ఆ నవ్వు తీసేసి కథను రాముడు బయల్దేరడంతో ఆపేస్తే ఎలా ఉంటుందని అడగండి. తరగతి రెండుగా చీలుతుంది. వాదించుకోనివ్వండి. అంతా అయ్యాక, వెనక్కి తిరిగి మొత్తం కథను మరోలా చూపించే చివరి మెరుపును కొసమెరుపు అంటారని చెప్పండి.

సానుల పాట అంటే ఏమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి. ఆ రోజుల్లో డబ్బున్న వాళ్ళ ఇళ్ళలో, వేడుకల్లో వేశ్యల చేత పాడించడం, ఆడించడం పరువుగా చెలామణి అయ్యేదని, దానికి వ్యతిరేకంగా కందుకూరి వీరేశలింగం వంటి వాళ్ళు ఉద్యమం నడిపారని రెండు వాక్యాల్లో చెప్తే చాలు. ఆ నేపథ్యం లేకపోతే గోపాలరావు చెప్పే అబద్ధం ఎంత పెద్దదో పిల్లలకు అందదు. లోకహితం కోసం మీటింగులకు పోతున్నానన్నవాడు వెళ్ళింది ఆ మీటింగులు తిట్టే చోటికే.

ఇక "తొలి తెలుగు కథ ఏది?" అన్న ఒక మార్కు ప్రశ్న. దిద్దుబాటు అని పుస్తకాలు చెప్తూ వచ్చాయి. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాశారని, మొదటి కథ గౌరవం దానికే చెందాలని వాదించేవారున్నారు. పిల్లలకు రెండూ చెప్పండి. పరీక్షలో పాఠ్యపుస్తకంలో ఉన్నది రాయాలి. తెలుసుకోవాల్సింది మాత్రం రెండూ తెలుసుకోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలు.

కథల కోసం వెతుక్కునే టీచర్లకు ఒక మాట. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు స్థాపించిన కథానిలయం ఉంది. తెలుగు కథలను పోగుచేసి భద్రపరిచే చోటు అది. ఆ వైపు వెళ్ళే పని పడితే పిల్లలను కూడా తీసుకెళ్ళండి. బీరువాల నిండా కథలను చూసిన పిల్లవాడికి కథ అంటే పాఠం నంబరు నాలుగు మాత్రమే కాదని తెలుస్తుంది.

మూడో అడుగు: పద్యం చెవితో మొదలవ్వాలి

పద్యం దగ్గర మనం చేసే పెద్ద పొరపాటు ప్రతిపదార్థంతో మొదలుపెట్టడం. ముందు పద్యం చెవిన పడాలి. మీరు ఒకసారి చదవండి, రాగం తీయకపోయినా ఫరవాలేదు, పాదం దగ్గర ఆగుతూ చదివితే చాలు. తర్వాత పిల్లలంతా ఒకసారి. ఆ తర్వాత ఒక్కో వరస బెంచీ ఒక్కో పాదం. మూడుసార్లు అయ్యేసరికి సగం తరగతికి నోటికి వచ్చేస్తుంది.

అందరికీ తెలిసిన వేమన పద్యమే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయ
విశ్వదాభిరామ వినుర వేమ

మూడో తరగతి నుంచీ వింటున్నాం, దీంట్లో ఏముందిలే అని పదో తరగతి పిల్లలు అనుకుంటారు. అందుకే రివిజన్‌కు ఇది మంచి పద్యం. తెలుసనుకున్న దాంట్లోంచి కొత్తది బయటపడితే పిల్లల ముఖాలు మారిపోతాయి.

మొదటి ప్రశ్న ఇలా వేయండి. "చూడ అని ఒకసారి అంటే సరిపోదా, రెండుసార్లు ఎందుకన్నాడు?" ఒకసారి చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి, మళ్ళీ మళ్ళీ చూస్తేనే తేడా తెలుస్తుందని ఎవరో చెప్తారు. మంచి జవాబు. అక్కడితో వదలకండి. "మనం కూర రుచి ఏం చేస్తాం?" అని అడగండి. "రుచి చూస్తాం!" తెలుగులో రుచిని కూడా చూస్తాం. కంటితో చూడటం, నాలుకతో చూడటం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. నిజంగానే చిటికెడు ఉప్పు, పూజకు వాడే కర్పూరం బిళ్ళ పొడి చేసి రెండు కాగితాల్లో పెట్టి బల్ల మీద ఉంచండి. చూడమనండి, వాసన కూడా చూడమనండి. ఆ కర్పూరం మాత్రం ఎవరినీ నోట్లో వేసుకోనివ్వకండి, అది తినేది కాదు. "వాసన కూడా చూస్తాం సార్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

ఇప్పుడు గణాలు. ఇక్కడే పిల్లలకు భయం. ఆ భయం పోగొట్టడానికి రూల్ ముందు చెప్పకుండా చప్పట్లతో మొదలుపెట్టండి. గురువుకు, అంటే నిడివిగా పలికే అక్షరానికి, బల్ల మీద అరచేయి, లఘువుకు, అంటే పొట్టి అక్షరానికి, వేలు. ఉప్-పు: అరచేయి, వేలు. కప్-పు: అరచేయి, వేలు. రం-బు: అరచేయి, వేలు. మూడూ ఒకేలా వచ్చాయని పిల్లలే పసిగడతారు. గురువు, లఘువు వస్తే గలం, దాన్నే హగణం అంటారు. తర్వాత "నొక్క పో": గురువు, లఘువు, గురువు, రగణం. "లికనుండు": రెండు లఘువులు, గురువు, లఘువు, సలం. గలం, మూడు లఘువుల నగణం సూర్యగణాలు, రగణం, సలం లాంటివి ఇంద్రగణాలు. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, అదే ఆటవెలది అనే ఛందస్సులో మొదటి పాదం.

పిల్లలు జారే చోట్లు ఎప్పుడూ అవే ఉంటాయి. ఒకటి, 'ఉ' హ్రస్వం కదా, లఘువు అని పెట్టేస్తారు. వెనక ద్విత్వం ఉందని గుర్తుండదు. పుణ్యలో 'పు', విశ్వలో 'వి' కూడా అంతే, వెనక సంయుక్తాక్షరం వస్తే ముందున్నది గురువు. రెండు, సున్న ఉన్న అక్షరం గురువు అని మరచిపోతారు. మూడు, గణం మాట చివర ఆగుతుందనుకుంటారు. "పోలిక" అన్న మాటలో 'పో' ఒక గణంలోకి, 'లిక' ఇంకో గణంలోకి పోవడం వాళ్ళకు నచ్చదు. మాటల హద్దు వేరు, గణాల హద్దు వేరు అని ఈ పాదమే చూపించి చెప్పండి. గణవిభజనలో మార్కులు పోయేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

మిగతా పాదాలు పిల్లల చేతే చేయించండి. రెండో పాదంలో చూడ, చూడ, రుచుల, జాడ, వేరు, అన్నీ సూర్యగణాలే, రుచుల ఒక్కటి నగణం, మిగతావి గలాలు. మూడో పాదం మొదటి దానిలాగే: పురుషు, లందు, పుణ్య సూర్యగణాలు, పురుషులు నలం, వేరయ భగణం. నాలుగో పాదానికి వచ్చేసరికి ఒక సంగతి బయటపడుతుంది. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. మకుటం సరిగ్గా అయిదు సూర్యగణాలు. ఆటవెలది నాలుగో పాదానికి కావలసింది అదే. మూడు పాదాల్లో చెప్పాల్సింది చెప్పేస్తే నాలుగోది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దీన్ని మీరు చెప్పేయకండి, పిల్లల చేతే పట్టించండి. పట్టుకున్న పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సొంతంగా మూడు పాదాలు కట్టడానికి కూర్చుంటాడు. మా తరగతుల్లో చాలామంది కూర్చున్నారు.

లక్షణం గుర్తుంచుకోవడానికి పాత పద్యం ఉండనే ఉంది: "ఇనగణ త్రయంబు నింద్రద్వయంబును హంస పంచకంబు నాటవెలది." ఇనుడన్నా హంస అన్నా సూర్యుడే. ఇది కూడా ఆటవెలది నడకలోనే ఉంటుంది, గణాలు విడగొట్టి చూడమనండి.

తర్వాత యతి. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి కుదరాలి. మూడో పాదంలో పు-పు, నాలుగో పాదంలో వి-వి, తేలిక. మొదటి పాదంలో 'ఉ', 'నొ'. ఇదేం యతి సార్, ఉకు నొకు ఏం సంబంధం అంటారు. "కప్పురంబును, ఒక్క" అని విడదీసి రాయించండి. ఆ 'నొ' లోపల 'ఒ' ఉంది. ఉ, ఒ చుట్టాలు. రెండో పాదంలో ఇంకో చిక్కు: చూ, జా. హల్లులు చుట్టాలే కానీ అచ్చులు కలవవు. అప్పుడు రెండో అక్షరం చూడమనండి: చూడ, జాడ. రెండింటిలోనూ 'డ'. ఇది ప్రాసయతి, ఆటవెలదిలో చెల్లుతుంది. ఒక్క పద్యంలో మూడు రకాల సంగతులు దొరికాయి. ఇలాంటి పద్యం ఒక్కటి నిదానంగా చేస్తే, గబగబా చేసిన పదింటి కంటే మేలు.

వృత్తాల, అంటే ప్రతి పాదంలోనూ ఒకే గణాల వరస ఉండే పద్యాల, విషయంలో ఇంత సేపు అక్కర్లేదు. ఉత్పలమాలకు భరనభభరవ, చంపకమాలకు నజభజజజర, శార్దూలానికి మసజసతతగ, మత్తేభానికి సభరనమయవ. యతిస్థానాలు వరసగా 10, 11, 13, 14. ఇవి నోటికి రావాల్సినవే, రోజూ హాజరు తర్వాత ఒకసారి అనిపించండి. గజేంద్రమోక్షంలోని "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై" పాదం తీసుకుని పదో అక్షరం వెతకమనండి. 'మె' వస్తుంది. వేమన పద్యంలో 'నొ' లోపల 'ఒ' చూసిన పిల్లలు ఇక్కడ "జగము, ఎవ్వని" అని వాళ్ళే విడదీస్తారు.

గేయం ఉంటే దాన్నీ చేతులతోనే చేయించండి. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అన్న గురజాడ ముత్యాల సరాన్ని మాత్రలుగా (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెడితే దేశ మూడు, మంటే నాలుగు, మట్టి మూడు, కాదోయ్ నాలుగు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. తరగతి సగం మూడుకు, సగం నాలుగుకు చప్పట్లు కొడితే గది అంతా లయ నిండుతుంది. చివర 'లోయ్' రెండు మాత్రలే, అక్కడ చేతులు ఆగిపోతాయి. ఆ ఆగడం కూడా గేయంలో భాగమే.

నాలుగో అడుగు: అలంకారాలు, ఒకే తలతో

ఆ చంద్రబింబం అనుభవం తర్వాత నేను అలంకారాలన్నీ ఒకే వస్తువు మీద చేయిస్తున్నాను. వస్తువు మారకపోతే అలంకారాల మధ్య తేడా బయటపడుతుంది. నేను వాడేది పరీక్షలో దెబ్బ కొట్టిన ఆ అమ్మమ్మ తలే.

"అమ్మమ్మ తల ముగ్గుబుట్టలా తెల్లగా ఉంది." తల ఉపమేయం, ముగ్గుబుట్ట ఉపమానం, లా ఉపమావాచకం, తెల్లదనం సమానధర్మం. ఉపమ. "అమ్మమ్మ తల ముగ్గుబుట్ట." ఆ 'లా' పోయింది, పోలిక పోయి రెండూ ఒకటైపోయాయి. రూపకం. "ఎవరో అమ్మమ్మ తల మీద ముగ్గుబుట్ట బోర్లించారేమో అన్నట్టుంది." ఇక్కడ ఊహ వచ్చింది. ఉత్ప్రేక్ష. "అమ్మమ్మ తల పక్కన వెన్నెల కూడా నల్లగా కనబడుతుంది." అతిశయోక్తి. "అమ్మమ్మ కొప్పులోంచి రెండు తెల్ల వెంట్రుకలు జారి, ఆమె తల తిప్పినప్పుడల్లా చెవి పక్కన ఊగుతున్నాయి." పోలికా లేదు, ఊహా లేదు, పెంచి చెప్పడమూ లేదు, ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కట్టింది. స్వభావోక్తి.

ఈ అయిదూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు ఏ మాట పోయింది, ఏ మాట వచ్చింది అని అడగండి. పేర్లు చివరిలో రాయండి. ఆ తర్వాత ప్రతి జట్టుకూ ఒక వస్తువు ఇవ్వండి: ఆగని వాన, మధ్యాహ్న భోజనంలో గుడ్డు, బడి ముందు గుంతల రోడ్డు. అయిదు వాక్యాలు వాళ్ళనే రాయమనండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఉపమను సిమిలీ, రూపకాన్ని మెటఫర్ అని గుర్తుపెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. కానీ ఉత్ప్రేక్షకు అక్కడ సరిగ్గా సరిపడే పేరు దొరకదు, దాన్ని తెలుగులోనే పట్టుకోవాలి.

ఇప్పుడు మళ్ళీ వేమన దగ్గరికి రండి. "ఈ పద్యంలో అలంకారం ఏమిటి?" ఎక్కువమంది ఉపమ అంటారు, పద్యంలో "పోలిక" అన్న మాట కనబడుతుంది కాబట్టి. ఆ పోలిక దేనికీ దేనికీ అని అడగండి. ఉప్పుకూ కర్పూరానికీ. మనుషులను ఉప్పుతో పోల్చడానికి "వలె" అన్న మాటే లేదు. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాడు, ఒకటి అద్దంలా రెండోదాన్ని చూపిస్తుంది. బింబ ప్రతిబింబ భావం అని పుస్తకం చెప్పేది దీన్నే. దృష్టాంతాలంకారం.

శబ్దాలంకారాల్లో అందరినీ తికమక పెట్టేవి మూడు. "నిప్పులో పడితే కాలు కాలుతుంది" అంటే పక్కపక్కనే వచ్చిన జంటకు అర్థం వేరు, ఛేకానుప్రాస. "లేమా! దనుజుల గెలువగలేమా" అంటే మొదటిది స్త్రీని పిలవడం, రెండోది చేతకాదా అనడం, అర్థం మారి దూరంగా మళ్ళీ వచ్చింది, యమకం. "కమలాక్షు నర్చించు కరములు కరములు" అంటే రెండూ చేతులే, కానీ రెండోసారి అన్నప్పుడు 'చేతులంటే అవే' అన్న భావం చేరింది, లాటానుప్రాస. "అర్థం మారిందా, భావం మాత్రమే మారిందా? పక్కనే ఉందా, దూరంగా ఉందా?" ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. వృత్త్యనుప్రాసకు "లక్ష భక్ష్యములు భక్షించు లక్ష్మయ్యకు" వాక్యం ఎలాగూ పిల్లల నోట్లో ఆడుతూనే ఉంటుంది.

ఇంటి పని కింద నిర్వచనాలు రాసుకురమ్మనకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ రోజు మాట్లాడిన మాటల్లోంచి ఒక పోలికో సామెతో పట్టుకురమ్మనండి. మా పిల్లలు తెచ్చిన వాటిలో పుస్తకంలో ఉన్నవాటి కంటే మంచివి ఉంటాయి, ఇది పొగడ్త కాదు.

అయిదో అడుగు: మళ్ళీ మళ్ళీ, కానీ ఎడం ఇచ్చి

ఒక పాఠాన్ని ఒకే రోజు నాలుగుసార్లు చేయడం కంటే, నాలుగు వేర్వేరు రోజుల్లో పది పది నిమిషాలు చేయడం ఎక్కువ నిలుస్తుంది. సోమవారం చేసిన కథను బుధవారం అయిదు ప్రశ్నల స్లిప్ టెస్ట్‌గా, వచ్చే సోమవారం రెండు ప్రశ్నలుగా తీసుకురండి. ప్రశ్నలు పిల్లల చేతే తయారు చేయించండి. ప్రశ్న తయారు చేయాలంటే పాఠం తెలియాలి. మొదట్లో అన్నీ "గోపాలరావు నౌకరు పేరేమిటి?" లాంటివే వస్తాయి. "పుస్తకం తెరిచినా వెంటనే దొరకని ప్రశ్న ఒకటి రాయండి" అని షరతు పెట్టండి. అప్పుడు "కమలిని నిజంగా పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటే గోపాలరావు మారేవాడా?" లాంటివి వస్తాయి. చదవడం ఇంకా తడబడే పిల్లలను విడిగా కూర్చోబెట్టకుండా బాగా చదివే పిల్లల పక్కన వేయండి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూడాలి.

ఆరో అడుగు: జవాబు రాయడం

"దిద్దుబాటు అన్న పేరు ఈ కథకు తగిందేనా?" అని అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: "ఈ కథకు దిద్దుబాటు అనే పేరు చాలా చక్కగా సరిపోయింది. ఇందులో రచయిత దిద్దుబాటు గురించి చక్కగా వివరించారు." రెండు వాక్యాలున్నాయి, విషయం లేదు. దీన్ని బోర్డు మీద రాసి, ఎవరు రాశారో చెప్పకుండా, బాగు చేయమనండి. మూడు ప్రశ్నలు ఇవ్వండి: నీ మాట ఏమిటి, కథలో దానికి ఆధారం ఎక్కడుంది, ఆ ఆధారం నీ మాటను ఎలా నిలబెడుతుంది?

ఒక పిల్లవాడు ఇలా దిద్దాడు: "తగినదే. తప్పు చేసిన భర్తను కమలిని తిట్టలేదు, ఏడవలేదు. ఒక ఉత్తరం రాసి దాక్కుంది. అది చదివి గోపాలరావు తన తప్పు తనే ఒప్పుకుని, ఇక రాత్రులు ఇల్లు కదలనని రాముడితో చెప్పి పంపబోయాడు. నోట్‌బుక్‌లో టీచర్ ఎర్ర ఇంకుతో దిద్దినట్టు కాకుండా, తప్పు చేసినవాడే దిద్దుకునేలా చేసింది కాబట్టి ఇది నిజమైన దిద్దుబాటు." ఆ ఎర్ర ఇంకు పోలిక ఏ గైడులోనూ లేదు. సొంత మాటల్లో రాయండి అని ప్రశ్నపత్రం అడిగేది ఇదే.

ఏడో అడుగు: ఎవరూ చెప్పని పద్యం

చివరి పీరియడ్‌లో ఇంతవరకు తరగతిలో చెప్పని పద్యం ఒకటి ఇవ్వండి. కష్టమైనది వద్దు. నేను సుమతీ శతకంలోది ఇచ్చాను, చిన్నప్పుడు వల్లించిందే అయినా నిదానంగా ఎవరూ చూడనిది.

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తురది యెట్లన్నన్
దెప్పలుగ చెరువు నిండిన
కప్పలు పదివేలు చేరు గదరా సుమతీ

నేనేమీ చెప్పలేదు. పావుగంట టైమ్ ఇచ్చి పక్కకు నిలబడ్డాను. ముందుగా ఒకడు నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'ప్పు', 'ప్ప' అని పట్టుకున్నాడు. ఇంకో అమ్మాయి "ఉప్పు కప్పురంబు లాగే ఇక్కడా రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాడు సార్, కానీ మధ్యలో 'అది ఎట్లన్నన్' అని వంతెన వేశాడు" అంది. వంతెన అన్న మాట ఆ పిల్లదే. అప్పటిదాకా ఏమీ మాట్లాడని కిటికీ పక్క పిల్లవాడు లేచి అడిగాడు, "చెరువు ఎండిపోతే ఆ కప్పలన్నీ ఎటు పోతాయి సార్?"

పద్యంలో ఎక్కడుందో చూపించమన్నాను. వెతికాడు. "లేదు సార్, కానీ వినిపిస్తోంది" అన్నాడు. చెప్పకుండానే తోచే అర్థానికి పేరైన ధ్వని అన్న మాటను ఆ ఏడాది మొదటిసారి అప్పుడు బోర్డు మీద రాశాను.